డబ్బు జమ అవుతోంది, గది మాత్రం ఖాయం కావడం లేదు: వెబ్‌హుక్ కొందరికే ఎందుకు తప్పుతోంది?

బైరాగిపట్టెడ_కోడర్
తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక లాడ్జికి ఆన్‌లైన్ బుకింగ్ సైటు చేసి ఇచ్చాను. ముప్పై నాలుగు గదులు. యాత్రికులు పేరు, తేదీ నింపి అడ్వాన్సు కడతారు. డబ్బు జమ కాగానే పేమెంట్ గేట్‌వే (చెల్లింపులు నడిపే సంస్థ) మా సర్వర్‌కు వెబ్‌హుక్ పంపుతుంది, అంటే డబ్బు అందిందని తనంతట తాను వచ్చే సందేశం. అది అందితేనే గది ఖాయమవుతుంది. ఎనిమిది నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది. మూడు వారాలుగా కొన్ని బుకింగులు మధ్యలోనే ఆగిపోతున్నాయి, మొదట్లో ఒకటీ అరా, ఇప్పుడు రోజుకు నాలుగైదు. డబ్బు లాడ్జి ఖాతాలో పడుతోంది, కంప్యూటర్‌లో బుకింగ్ మాత్రం ఉండదు.

మొన్న తెల్లవారుజామున రెండు గంటలకు రైలు దిగి ఒక కుటుంబం వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక ముసలావిడ. ఫోనులో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ చూపించారు. కౌంటర్‌లో అబ్బాయి పేరు లేదన్నాడు. గదులన్నీ నిండిపోయాయి. యజమాని నాకు ఫోను చేస్తే బండి వేసుకుని వెళ్లాను. నేను వెళ్లేసరికి పిల్లలు మెట్ల మీద సంచులకు ఆనుకుని నిద్రపోతున్నారు. ఆ ముసలావిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

గేట్‌వే వాళ్లకు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు: మీ సర్వర్ 400 ఇస్తోంది (సందేశంలో తప్పుందని తిరస్కరిస్తోంది), మీ వైపు చూసుకోండి.

మా కోడ్ 400 ఇచ్చేది ఒకే ఒక్క చోట, సిగ్నేచర్ (సందేశం నిజంగా గేట్‌వే పంపిందేనని రుజువు చేసే సంకేతం) కలవనప్పుడు. పైథాన్, ఫ్లాస్క్. క్లౌడ్‌లో ముంబై రీజియన్‌లో చిన్న సర్వర్. సిగ్నేచర్ కట్టే రహస్య కీ ఒకటే, కోడ్ ఒకటే. చాలామందికి కలుస్తుంది, కొందరికి కలవదు. ఎందుకో అంతుపట్టడం లేదు.

రేణిగుంట_జంక్షన్
సర్వర్లు రెండున్నాయా? ఒకదానిలో పాత కీ, ఇంకోదానిలో కొత్త కీ ఉంటే ఇలాగే కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. మాకు ఒకసారి లోడ్ బ్యాలెన్సర్ (పనిని సర్వర్లకు పంచేది) వెనక ఒక పాత సర్వర్ మిగిలిపోయి రెండు రోజులు ఏడిపించింది.

బైరాగిపట్టెడ_కోడర్
@రేణిగుంట ఒకటే సర్వర్. కీ మార్చి ఆరు నెలలైంది. ప్రక్రియలన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టి చూశాను. మార్పు లేదు.

తలకోన_జలపాతం
సర్వర్ గడియారం చూడండి. కొన్ని సేవలు సిగ్నేచర్‌తో పాటు సమయాన్నీ పంపుతాయి, అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే తిరస్కరించమంటాయి. భారత కాలమానాన్నీ ప్రపంచ ప్రామాణిక సమయం యుటిసినీ కలిపేసుకున్నా అయిదున్నర గంటల తేడా వచ్చి పడుతుంది.

బైరాగిపట్టెడ_కోడర్
ఈ గేట్‌వే సమయం పంపదు. సందేశం, కీ, ఈ రెండింటి నుంచే లెక్కగట్టే హాష్ (హెచ్‌మాక్ షా-256), ఒక్క బైటు మారినా అది మారిపోతుంది. గడియారం కూడా సరిగానే ఉంది.

మదనపల్లె_టమాట
గేట్‌వే మార్చేయండి అన్నా. మూడుసార్లు అడిగినా అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు ఇచ్చేవాళ్లతో వ్యాపారం ఎందుకు?

పీలేరు_పెద్దాయన
రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే నిబంధన పెట్టింది. ఖాతాలో డబ్బు పోయి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ రోజు తరవాత అయిదు రోజుల్లోగా యూపీఐ డబ్బు తనంతట తాను వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ కుటుంబానికి ఈ సంగతి చెప్పండి.

నగరి_మగ్గం
పెద్దాయనా, మీరు చెప్పిన నిబంధన నిజమే. ఇక్కడ అది వర్తించదు. డబ్బు లాడ్జి ఖాతాలో పడిందని ఆయనే రాశారు కదా. బ్యాంకు పని పూర్తయింది, తెగింది ఆ తరవాతి లంకె. ఇప్పుడు తిరిగి ఇవ్వాల్సింది లాడ్జివాళ్లే.

బైరాగిపట్టెడ_కోడర్
అవును. ఆ కుటుంబానికి యజమాని మర్నాడే తిరిగి పంపాడు. ఆ రాత్రికి పక్క వీధిలో వేరే గది నేనే చూసి పెట్టాను.

చిత్తూరు_తోతాపురి
ఇది సరిగ్గా మీ సమస్య కాదు గానీ లక్షణం ఒకేలా ఉంది కాబట్టి రాస్తున్నాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి టోకెన్ల సాఫ్ట్‌వేర్ చేశాను. కాయ కోతకు వచ్చిందంటే గేటు ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. రైతు ఎండలో నిలబడకుండా ఆయన వంతు రాగానే ఎస్ఎంఎస్ వెళ్లాలి. ఆంగ్లంలో పంపినవి చేరేవి, తెలుగులో పంపినవి చేరేవి కావు. ఎస్ఎంఎస్ పంపే సంస్థ తెరమీద 'విఫలం' అన్న ఒక్క మాట, అంతకు మించి వివరం లేదు.

మన దేశంలో వ్యాపార సంస్థలు పంపే ఎస్ఎంఎస్ ఏదైనా ముందే డీఎల్‌టీ అనే టెలికాం సంస్థల నమోదు వేదికలో టెంప్లేట్‌గా (నమూనా వాక్యంగా) నమోదై ఉండాలి. పంపిన మాట దానితో సరిపోలకపోతే టెలికాం సంస్థలు దారిలోనే ఆపేస్తాయి. 2021 మార్చి 8న ఈ వడపోత మొదలుపెట్టిన రోజు దేశమంతా ఓటీపీలు ఆగిపోయి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని వారం రోజులు పక్కన పెట్టాల్సి వచ్చింది. మా టెంప్లేట్‌లో 'ట్రాక్టర్‌కు' అన్న పదం ఉంది. దానిలో 'ర్', 'కు' కలిసి వత్తుగా మారకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. నమోదు చేసినప్పుడు అది ఉంది. కోడ్‌లోకి వచ్చేసరికి ఎక్కడో రాలిపోయింది. కంటికి రెండూ ఒక్కటే! నాలుగు రోజులు తలపట్టుకున్నాను. రెండు వాక్యాలనూ బైట్లుగా విడగొట్టి పక్కపక్కన పెట్టాక దొరికింది.

చంద్రగిరి_కోట
తోతాపురి గారూ, తెలుగు ఎస్ఎంఎస్‌కు డబ్బు ఎక్కువ పడుతుందని మా కాలేజీలో విన్నాను, నిజమేనా?

చిత్తూరు_తోతాపురి
నిజమే. ఆంగ్లంలో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. దాటితే ముక్కలవుతుంది, ముక్కకు 67. గుణింతం గుర్తులను కూడా విడిగా లెక్కపెడతారు. అందుకే మా సందేశాన్ని 'మీ వంతు వచ్చింది, గేటు 2' దాకా కుదించాను. రైతుకు అంతకన్నా అక్కరలేదు కూడా.

స్వర్ణముఖి
ఎడతెగని ఊహలు వద్దు. @బైరాగిపట్టెడ, సిగ్నేచర్ తనిఖీ చేసే ముందు రెండు సంగతులు లాగ్‌లో రాయించండి. గేట్‌వే నుంచి వచ్చిన సందేశం ఎన్ని బైట్లు? మీరు హాష్ వేస్తున్నది ఎన్ని బైట్లు? కుదిరినవి అయిదు, తప్పినవి అయిదు తెచ్చి ఇక్కడ పెట్టండి. కీ, ఫోను నంబర్లు మాత్రం పెట్టవద్దు.

కాణిపాకం_బావి
రెండూ ఒకటే కదా మేడమ్? వచ్చిన సందేశం మీదే కదా హాష్ వేసేది?

స్వర్ణముఖి
అలాగే ఉండాలి. ఉందో లేదో చూడమంటున్నాను.

బైరాగిపట్టెడ_కోడర్
లాగ్ పెట్టాను, రాత్రికి వివరాలు వస్తాయి. ఈలోగా ఇంకొకటి కనిపించింది. ఇప్పటిదాకా తప్పిన 41 బుకింగుల్లో 29 తమిళనాడు నుంచి వచ్చినవి. చెన్నై, వేలూరు, కాంచీపురం. మిగిలినవి మనవాళ్లవి. హైదరాబాద్, బెంగళూరు నగరాల నుంచి ఒకటీ అరా.

మదనపల్లె_టమాట
అయితే అక్కడి బ్యాంకుల్లో ఏదో ఉంది.

రేణిగుంట_జంక్షన్
బ్యాంకుకూ సిగ్నేచర్‌కూ సంబంధమే లేదు. సంతకం పెట్టేది గేట్‌వే. డబ్బు చెన్నై నుంచి వచ్చినా కుప్పం నుంచి వచ్చినా కీ ఒక్కటే.

తలకోన_జలపాతం
క్లౌడ్ రీజియన్ కూడా చూడండి. ముంబైలో ఏదైనా ఆటంకం ఉందేమో, స్టేటస్ పేజీ తెరవండి. 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్‌లోనూ రీజియన్ ఉంది. మనకు అదే దగ్గర.

స్వర్ణముఖి
రీజియన్ పడిపోతే అందరికీ పడిపోతుంది. పేరును బట్టి, ఊరును బట్టి పడిపోదు. సర్వర్ జవాబు ఇవ్వలేక 502, 504 వస్తుంటే మీరు చెప్పిన దారిలో వెతకాలి. ఇక్కడ సర్వర్ నిక్షేపంగా ఉంది, సందేశం అందుకుంది, చదివింది, చదివి కాదంది. 400 అంటే ఆ సందేశంలోనే ఏదో ఉంది. తమిళనాడు అన్న ఆధారాన్ని మాత్రం పారేయవద్దు.

బైరాగిపట్టెడ_కోడర్
ఇదిగో. కుదిరిన అయిదింటికీ వచ్చిన బైట్లు, హాష్ వేసిన బైట్లు సమానం. తప్పిన వాటిలో మొదటిది: వచ్చినవి 812, హాష్ వేసినవి 839. రెండోది: 806, 827. మూడోది: 821, 857. మిగతా రెండూ ఇలాగే ఎక్కువ చూపిస్తున్నాయి, 18, 24 తేడాతో. నా కోడే సందేశాన్ని పెంచుతోందా? నేను దానిలో ఏమీ చేర్చడం లేదు.

చంద్రగిరి_కోట
27, 21, 36, 18, 24. అన్నీ మూడు ఎక్కంలో ఉన్నాయి.

స్వర్ణముఖి
చంద్రగిరి, శభాష్! దొరికింది. @బైరాగిపట్టెడ, మొదటి మూడు బుకింగులలో పేరు గడిలో ఏమి రాసి ఉంది? ఇంటిపేరు వద్దు.

బైరాగిపట్టెడ_కోడర్
మొదటిది 'శ్రీనివాస', తెలుగు లిపిలో. రెండోది 'మురుగన్', తమిళ లిపిలో. మూడోది 'వెంకటలక్ష్మి', తెలుగులో.

అయ్యో. కుదిరినవన్నీ ఆంగ్లంలో ఉన్నాయి.

స్వర్ణముఖి
వివరంగా రాస్తాను, ముందు ముందు ఇంకెవరికైనా పనికొస్తుంది.

అక్షరాలను బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరం ఒక బైటు. తెలుగు, తమిళం, కన్నడం, దేవనాగరి లిపుల్లో ప్రతి గుర్తూ మూడు బైట్లు. గేట్‌వే మీ యాత్రికుడి పేరును ఆ మూడేసి బైట్లతోనే పంపింది, వాటి మీదే సిగ్నేచర్ వేసింది. మీరు ఆ సందేశాన్ని అలాగే హాష్ చేయలేదు. ముందు జేసన్‌గా (పేరు, విలువ జంటలుగా సమాచారం రాసే పద్ధతి) విప్పి, పైథాన్ డిక్షనరీ చేసుకుని, దాన్ని మళ్లీ జేసన్.డంప్స్‌తో మూటకట్టి, ఆ కొత్త మూట మీద హాష్ వేశారు. అవునా?

పైథాన్‌లో డంప్స్ మామూలుగా ఆంగ్లేతర అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు రాయదు. ప్రతి గుర్తుకూ బదులు ఒక వెనక్కి వాలిన గీత, 'యు' అక్షరం, నాలుగంకెల సంఖ్య రాస్తుంది. అంటే ఆరు బైట్లు. మూడు కాస్తా ఆరవుతుంది. గుర్తుకు మూడు చొప్పున పెరుగుతుంది.

'శ్రీనివాస' లెక్క చూడండి: 27 తేడా అంటే తొమ్మిది గుర్తులు.

కాణిపాకం_బావి
శ్రీనివాసలో నాలుగే కదా మేడమ్ అక్షరాలు? శ్రీ, ని, వా, స. తొమ్మిది ఎక్కడివి?

స్వర్ణముఖి
మనం పలకేటప్పుడు నాలుగు. కంప్యూటర్ గుణింతాన్ని విడదీసి దాచుకుంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఇది ఒక్క 'శ్రీ'. తరవాత న, గుడి. వ, దీర్ఘం. చివర స. లెక్కపెట్టండి, తొమ్మిది. 'వెంకటలక్ష్మి' విడదీస్తే వ, ఎత్వం, సున్నా, క, ట, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పన్నెండు మూళ్లు ముప్పై ఆరు. తమిళంలో 'మురుగన్' ఏడు గుర్తులు, ఇరవై ఒకటి.

చంద్రగిరి_కోట
చిన్నప్పుడు పలక మీద గుణింతాలు దిద్దినట్టే ఉంది.

బైరాగిపట్టెడ_కోడర్
ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీరు రాసినట్టే చేశాను. మొదట్లో ఆంగ్లం పేర్లకు కూడా కలవలేదు. డంప్స్ కామాల తరవాత, రెండు చుక్కల తరవాత ఖాళీ వదులుతోందని అప్పట్లో కనుక్కుని ఆ ఖాళీలు తీసేయించాను. కలిసింది. దానితో సమస్య తీరిందనుకున్నాను. మూడు వారాల కింద యజమాని అడిగితే బుకింగ్ పేజీని తెలుగు, తమిళంలో కూడా పెట్టాను. 'మీ పేరు' అని తెలుగులో అడిగితే జనం తెలుగులోనే రాస్తారు కదా! ఆ పేరు గేట్‌వేకు నోట్స్ భాగంలో వెళ్లి మళ్లీ వెబ్‌హుక్‌లో వెనక్కి వస్తుంది. ఆ రాత్రి వచ్చిన కుటుంబం కాంచీపురం వాళ్లు.

చిత్తూరు_తోతాపురి
కంటికి ఒకటే, బైట్లకు వేరు. మళ్లీ అదే కథ.

మదనపల్లె_టమాట
సరే, ఇప్పటికిప్పుడు పని జరగాలంటే పేరు గడిలో ఆంగ్లం మాత్రమే అని పెట్టేయండి. రెండు నిమిషాల పని. ఇంకే భాషలో రాసినా ముందుకు వెళ్లనివ్వకండి.

నగరి_మగ్గం
ఎందుకు వెళ్లనివ్వకూడదు? తప్పు చేసింది కోడ్, శిక్ష పేరుకా? మా అమ్మకు ఆంగ్లం రాదు. ఫోనులో మాట్లాడితే తెలుగులో టైపు అయ్యే సదుపాయం వచ్చాకే ఆమె సొంతంగా రైలు టికెట్టు దగ్గరి నుంచి అన్నీ చేసుకుంటోంది. 'ఆంగ్లంలో రాయండి' అని ఎర్ర అక్షరాలు కనిపిస్తే ఫోను పక్కన పెట్టేస్తుంది. అంత వయసులో దేవుడి దర్శనానికి వచ్చే మనిషిని ఊరు చేరక ముందే వెనక్కి పంపినట్టు కాదా?

మదనపల్లె_టమాట
నేను ఎవరినీ వెనక్కి పంపమనలేదు. తమిళంలో పేరు వస్తే కౌంటర్‌లో తెలుగు అబ్బాయి దాన్ని చదవగలడా? రాత్రి రెండు గంటలకు వరుసలో పదిమంది నిలబడితే ఆ అబ్బాయి పరిస్థితి ఆలోచించండి. గుర్తింపు కార్డు మీద ఆంగ్లం ఎలాగూ ఉంటుంది.

స్వర్ణముఖి
టమాట గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. చదవలేకపోవడం నిజమైన ఇబ్బందే. అయితే దాన్ని కౌంటర్ దగ్గర తీర్చాలి, గడి దగ్గర కాదు. జాబితాలో పేరు పక్కన బుకింగ్ నంబరు, ఫోను చివరి నాలుగు అంకెలు పెద్దగా చూపించండి. అంకెలు ఎవరైనా చదువుతారు. పేరు మాత్రం వాళ్లు ఎలా రాసుకున్నారో అలాగే ఉండాలి.

మదనపల్లె_టమాట
అంకెలతో అయితే సరే. ఒప్పుకుంటున్నాను.

కాణిపాకం_బావి
డంప్స్‌లో ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే మీట ఉంటుంది. దాన్ని ఫాల్స్ చేస్తే తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఒక్క పదం మార్పు, అయిపోతుంది.

స్వర్ణముఖి
ఈ రోజుకు అయిపోతుంది, నిజమే. అలా మాత్రం చేయకండి. ఖాళీలు తీసేసి ఒకసారి అతుకు వేశారు, ఎనిమిది నెలలకు ఇంకోచోట చిరిగింది. ఇది రెండో అతుకు. రేపు గేట్‌వే వాళ్లు 1500 అని పంపేదాన్ని 1500.00 అని పంపితే? ఖాళీలు మారిస్తే? విప్పిన మూటను మళ్లీ కట్టి మొదటి మూటలాగే ఉండాలని కోరుకోవడమే తప్పు. విప్పకముందే తూకం వేయాలి. ఫ్లాస్క్‌లో అయితే గెట్ డేటాతో వచ్చిన బైట్లను ముట్టుకోకుండా తీసుకుని వాటి మీదే హెచ్‌మాక్ వేయండి. కలిశాకే జేసన్ విప్పండి. పోల్చడానికి రెండు సమానం గుర్తులు వాడకుండా కంపేర్ డైజెస్ట్ వాడండి. మామూలు పోలిక మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, ఆ సమయం తేడాను కొలిచి దొంగ సిగ్నేచర్ కట్టడానికి ప్రయత్నించేవాళ్లు ఉంటారు.

నగరి_మగ్గం
మా చీరల సైటు పీహెచ్‌పీలో ఉంది. అక్కడ ఇంకొక తంటా. జేసన్‌గా మళ్లీ మూటకడితే తెలుగు అక్షరాలనే కాదు, లింకుల్లోని ఏటవాలు గీతల ముందు కూడా వెనక్కి వాలిన గీత చేరుస్తుంది. చీర ఫోటో లింకు ఉన్న ప్రతి ఆర్డరూ తప్పేది. ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి ముడి సందేశం నేరుగా చదవడం మొదలుపెట్టాక మళ్లీ ఎన్నడూ రాలేదు.

రేణిగుంట_జంక్షన్
జావాస్క్రిప్ట్ తెలుగును చెడగొట్టదు గానీ 1500.00ను 1500 చేసేస్తుంది. ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. జేసన్ విప్పే మిడిల్‌వేర్ ముందే సందేశాన్ని మింగేస్తుంది, తరవాత ముడి బైట్లు కావాలన్నా దొరకవు. వెబ్‌హుక్ దారికి మాత్రం విడిగా 'రా' పార్సర్ పెట్టండి.

చంద్రగిరి_కోట
మా నాలుగో సంవత్సరం ప్రాజెక్టులో సరిగ్గా ఇదే తప్పు ఉంది. ఇప్పుడే చూశాను. రేపు ల్యాబ్‌లో మారుస్తాను.

బైరాగిపట్టెడ_కోడర్
ముడి బైట్లకు మార్చాను. రాత్రి పదకొండు గంటలకు సర్వర్‌లో పెట్టి, నా పేరే తెలుగులో రాసి రూపాయి కట్టి చూశాను. 200 వచ్చింది, అంటే సర్వర్ ఒప్పుకుంది. తమిళంలో రాసి ఇంకో రూపాయి కట్టాను. అదీ కలిసింది. ఆ 200 చూసి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. స్వర్ణముఖి గారికీ, చంద్రగిరి తమ్ముడికీ రుణపడి ఉంటాను.

బైరాగిపట్టెడ_కోడర్
ఉదయానికి కొత్త చిక్కు వచ్చింది. గేట్‌వే మా సర్వర్ కాదన్న వెబ్‌హుక్‌లను పారేయదు, ఒక రోజంతా మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. కోడ్ సరి కాగానే నిన్నటివన్నీ వరుసగా వచ్చి పడ్డాయి. వాటిలో కొన్నింటిని కౌంటర్ అబ్బాయి నిన్ననే చేత్తో నమోదు చేశాడు. ఆరు బుకింగులకు రెండేసి గదులు పడ్డాయి. ఒకరి కోసం రెండు గదులు ఖాళీగా, బయట యాత్రికులేమో గది దొరక్క.

రేణిగుంట_జంక్షన్
ఈ మాట నిన్నే చెప్పి ఉండాల్సింది. ఏ వెబ్‌హుక్ అయినా రెండుసార్లు వస్తుందనే అనుకుని కోడ్ రాయాలి. కొన్నిసార్లు వరుస తప్పి కూడా వస్తుంది. ప్రతి నోటీసుకూ గేట్‌వే ఒక ఐడీ ఇస్తుంది. డేటాబేస్‌లో ఆ ఐడీకి ఒక పట్టిక పెట్టి యూనిక్ కట్టుబాటు వేయండి. రెండోసారి వస్తే డేటాబేసే ఆపుతుంది, మీరు 200 ఇచ్చి ఊరుకోవచ్చు. 'ముందు చూసి, లేకపోతే చేర్చు' అని కోడ్‌లో రాస్తే చాలదు. రెండూ ఒకే క్షణంలో వస్తే రెండూ 'లేదు' అనే చూస్తాయి.

నగరి_మగ్గం
చేత్తో నమోదు చేసినవాటికి ఐడీ ఉండదు కదా. అందుకని గేట్‌వే ఆర్డర్ నంబరు మీద కూడా యూనిక్ పెట్టండి. కౌంటర్ అబ్బాయి చేత్తో చేర్చేటప్పుడు స్క్రీన్‌షాట్‌లోని ఆ నంబరు తప్పనిసరిగా నింపేలా చేయండి.

తలకోన_జలపాతం
వెబ్‌హుక్ అందగానే ఏమేమి చేస్తున్నారు? ఎస్ఎంఎస్, రసీదు, అన్నీ అక్కడే చేసి అప్పుడు 200 ఇస్తున్నారా?

బైరాగిపట్టెడ_కోడర్
అవును, గది కేటాయించి, ఎస్ఎంఎస్ పంపి, రసీదు పీడీఎఫ్ చేసి, ఆ తరవాత 200.

తలకోన_జలపాతం
అది కూడా మార్చండి. ఎస్ఎంఎస్ సేవ ఒక్కసారి నెమ్మదిస్తే మీ జవాబు ఆలస్యమవుతుంది, గేట్‌వే ఎదురుచూసి విసిగి మళ్లీ పంపుతుంది. సిగ్నేచర్ చూసి, నోటీసును భద్రంగా రాసుకుని, వెంటనే 200 ఇవ్వండి. మిగతా పనులన్నీ క్యూలో పెట్టి తరవాత చేసుకోండి. ఒకరి సేవ కుంటుపడితే ఇంకొకరి సేవ ఆగకూడదు.

పీలేరు_పెద్దాయన
నేను కోడ్ రాసేవాడిని కాను, లెక్కలు చూసేవాడిని. ఒక్క మాట అడుగుతాను. సాయంత్రం ఖాతాలో పడిన మొత్తానికీ ఆ రోజు బుకింగులకూ ఎవరైనా సరిపోల్చి చూస్తారా? మా కొట్లో గల్లాపెట్టె లెక్క కుదరకుండా తలుపు వేయం. 41 బుకింగులు తప్పేదాకా తెలియకపోవడం నాకు వింతగా ఉంది.

స్వర్ణముఖి
పెద్దాయన చెప్పింది మా పనిలో అందరూ మొదట చేయాల్సిన పని. వెబ్‌హుక్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. పదిహేను నిమిషాలకొకసారి 'చెల్లింపు కోసం ఎదురుచూస్తున్న' బుకింగులన్నింటినీ తీసి, వాటి స్థితి ఏమిటని గేట్‌వే ఏపీఐనే (మన ప్రోగ్రాము వాళ్ల సర్వర్‌ను నేరుగా అడిగే దారి) అడగండి. డబ్బు అందిందంటే గది ఖాయం చేయండి. అప్పుడు సిగ్నేచర్ తప్పినా పదిహేను నిమిషాల ఆలస్యంతో సరిపోతుంది, ఎవరూ మెట్ల మీద పడుకోరు.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. అన్నీ ఒక్కసారిగా అడిగితే 429 వస్తుంది. అంటే ఎక్కువగా అడుగుతున్నారు, ఆగండి అని. జవాబులో రీట్రై ఆఫ్టర్ అనే హెడర్ ఉంటే అన్ని సెకన్లు ఆగండి. లేకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ విరామం రెట్టింపు చేసుకుంటూ వెళ్లండి. దానికి కాస్త అడ్డదిడ్డమైన తేడా కూడా కలపండి. లేకపోతే ఆగినవాళ్లంతా ఒకే క్షణంలో మళ్లీ మీద పడతారు.

కాణిపాకం_బావి
గేట్‌వే మొత్తమే పడిపోతే? అడిగినా జవాబు రాకపోతే?

తలకోన_జలపాతం
అదీ జరుగుతుంది. 2025 అక్టోబరు 20, మనకు దీపావళి రోజు. అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ ఎక్కడుందో చెప్పే డీఎన్ఎస్ చిరునామా నమోదు ఖాళీ అయిపోయింది. దాన్ని చూసుకునే ఆటోమేషన్‌లో రెండు భాగాలు ఒకదాని పనిని ఒకటి తుడిచేశాయి. మన మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై అర్ధరాత్రి దాటాక కూడా పూర్తిగా తేరుకోలేదు. తమ సర్వర్లు వేరే దేశాల్లో ఉన్నా, వాడుకునే సేవల్లో ఏదో ఒకటి వర్జీనియాలో ఉన్నవాళ్లందరూ ఇబ్బంది పడ్డారు.

అలాంటి రోజు కోసం లాడ్జిలో చేయగలిగింది ఒక్కటే. బుకింగ్ పేజీ 'చెల్లింపులు తాత్కాలికంగా అందడం లేదు, గది కోసం ఈ నంబరుకు ఫోను చేయండి' అని చెప్పాలి. డబ్బు తీసుకుని గది చెప్పకపోవడం కన్నా డబ్బే తీసుకోకపోవడం నయం.

మదనపల్లె_టమాట
ఆ వాక్యం కూడా తెలుగులో, తమిళంలో పెట్టండి. ఈసారి నేనే అంటున్నాను.

బైరాగిపట్టెడ_కోడర్
నాలుగు రోజులైంది. 163 వెబ్‌హుక్‌లు వచ్చాయి, ఒక్క 400 కూడా లేదు. వాటిలో 38 పేర్లు తెలుగు, తమిళం, కన్నడంలో ఉన్నాయి. రెండుసార్లు వచ్చినవి ఏడు, ఏడింటినీ డేటాబేస్ ఆపింది. పదిహేను నిమిషాల సరిపోలిక నిన్న రాత్రి ఒక బుకింగును పట్టుకుంది. గేట్‌వే దాని వెబ్‌హుక్ పంపడానికి నలభై నిమిషాలు తీసుకుంది. అప్పటికే మేము గది ఖాయం చేసి ఎస్ఎంఎస్ కూడా పంపేశాం. రాత్రి లెక్క పెద్దాయన చెప్పినట్టు రోజూ సరిచూస్తున్నాం.

గేట్‌వే వాళ్లకు ఈ సంగతంతా రాసి, వాళ్ల పైథాన్ ఉదాహరణలో 'ముడి సందేశం మీదే హాష్ వేయాలి' అన్న వాక్యం చేర్చమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

కాంచీపురం వాళ్లకు నేనే ఫోను చేశాను. నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో, పేరు వాళ్లు సరిగానే రాశారనీ తప్పు నాదేననీ చెప్పాను. ఆ ముసలావిడ ఫోను తీసుకుని, నువ్వు ఆ రాత్రి పిల్లలకు పాలు తెచ్చి ఇచ్చావు కదా నాయనా అంది. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

ఇక మిగిలింది ఒక్కటి. కౌంటర్‌లోని రసీదు ప్రింటర్ తెలుగు, తమిళం పేర్ల చోట ప్రశ్నార్థకాలు అచ్చు వేస్తోంది. ఆంగ్లం మాత్రం బాగా వస్తోంది.

చిత్తూరు_తోతాపురి
ఆ చిన్న ప్రింటర్లలో మన లిపులు ఉండవు. పేరును సర్వర్‌లోనే బొమ్మగా గీసి ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపండి. మా తూకం రసీదుల మీద రైతుల పేర్లు అలాగే వస్తాయి. కోడ్ రేపు ఇక్కడ పెడతాను. బొమ్మ వెడల్పు 384 చుక్కలు దాటకుండా చూసుకోండి, చిన్న కాగితం అయితే.

బైరాగిపట్టెడ_కోడర్
చిన్న కాగితమే, 58 మిల్లీమీటర్లది. ఎదురుచూస్తుంటాను.